వడ్రంగి పిట్టకు తల దిమ్మెక్కదా?

"రుద్రంగి దారిలో ఎర్ర తురాయి పిట్ట గంటల తరబడి చెట్టును పొడుస్తుంటుంది. దాని తల దిమ్మెక్కదా?" అని కోరుట్ల పాఠకుడొకరు అడిగారు. ఇంత మంచి ప్రశ్న వచ్చాక ఈ నెల మరో విషయం రాయబుద్ధి కాలేదు.

ముందు పిట్ట సంగతి. జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ల చుట్టూ తరచూ కనిపించేది మెడ వెనక నల్లగా, వీపు బంగారు వన్నెలో ఉండే వడ్రంగి పిట్ట. మెడ వెనక తెల్లగా ఉందంటే అది క్రైసోకొలాప్టెస్ ఫెస్టివస్ అనే మరో జాతి. మగదానికి ఎర్ర తురాయి, ఆడదానికి పసుపు తురాయి. పొడి అడవుల పక్షి, కనబడడం అరుదు.

ఇక దెబ్బ సంగతి. పుర్రెలో స్పాంజి లాంటి ఎముక ఉందని, తల వెనక నుంచి చుట్టుకున్న నాలుక ఎముక కూడా అదురును మింగేస్తుందని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. ఒక్క క్షణం ఆలోచించండి: సుత్తికి మెత్త కడితే మేకు దిగుతుందా? 2022లో ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయానికి చెందిన సామ్ వాన్ వాసెన్‌బర్గ్ బృందం మూడు జాతుల వడ్రంగి పిట్టలను హైస్పీడ్ కెమెరాలతో చిత్రీకరించింది. పుర్రె అదురును మింగేదే అయితే ముక్కు ఠక్కున ఆగినా కన్ను కాస్త నెమ్మదిగా ఆగాలి. అలా జరగలేదు. ముక్కూ కన్నూ ఒకే ఊపులో ఆగాయి. తల మొత్తం గట్టి సుత్తే!

మరి మెదడు ఎలా దక్కింది? చిన్నది కాబట్టి. తల హఠాత్తుగా ఆగినప్పుడు మెదడులో పుట్టే ఒత్తిడి, దెబ్బ తగిలిన దిశలో మెదడు ఎంత పొడవుందో దాన్ని బట్టి పెరుగుతుంది. మన మెదడు దాదాపు 1,400 గ్రాములు, దానిది కొన్ని గ్రాములే. మనల్ని పడగొట్టే అదురు దానికి లెక్కలోకే రాదు. రెట్టింపు వేగంతో కొడితేనో, చెక్క నాలుగింతలు గట్టిదైతేనో తప్ప దానికి ప్రమాదం లేదని ఆ బృందం లెక్కగట్టింది. ఇంత తేలాక కూడా కొందరు ఈ పుర్రె మెత్తదనాన్ని చూసి హెల్మెట్లు చేయాలంటారు. లేని మెత్తదనాన్ని ఎలా అనుకరిస్తారు?

ఈ పిట్టకు అసలు ముప్పు దెబ్బలు కాదు, మోడు చెట్లు పోవడం. గూటి తొర్ర తవ్వడానికి పుచ్చిన చెక్క కావాలి. ఆ తొర్రల్లోనే తర్వాత రామచిలుకలు, గోరింకలు, చిన్న గుడ్లగూబలు కాపురం పెడతాయి. పోడు కోసమో వంటచెరకు కోసమో ముందు నరికేది ఆ మోడునే. నీలగిరి తోటల్లో చెట్టు ముసలిదయ్యేదాకా నిలవదు, కోతకొస్తుంది. మొక్కలు నాటడం మంచిదే, కానీ నేటి మొక్కలో తొర్ర పడడానికి దశాబ్దాలు పడుతుంది. మీ చేను గట్టు మీద మోడు ఉంటే, ఎవరి మీదా పడే ప్రమాదం లేకపోతే, దయచేసి కొట్టకండి.