తాళము లేని సైకిళ్ళు

నడచుటకు ఎక్కువ, కారులో పోవుటకు తక్కువ అనదగిన దూరమొకటి కలదు. అది కిలోమీటరున్నర అనుకొందము. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడచువానికి 18 నిమిషములు పట్టును. గంటకు 15 కిలోమీటర్ల వేగముతో సైకిలు త్రొక్కువానికి 6 నిమిషములు చాలును. కారులో పోవలెనన్న, దానిని నిలిపిన చోటికి నడచుట, చేరిన చోట నిలుపుటకు స్థలము వెదకుట కలిసి సైకిలుకంటె ఆలస్యమైనను కావచ్చును. పెద్ద కంపెనీల ప్రాంగణములలో భవనమునకు భవనమునకు నడుమ దూరము తరచుగా ఇట్టిదే. అందుచేతనే అపారమైన ధనము, అధునాతన యంత్రములు గల సంస్థలు సైతము ఈ పాత వాహనమును ఆశ్రయించినవి.

వీనిలో ప్రసిద్ధమైనది గూగుల్ సంస్థ ఏర్పాటు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మౌంటెన్ వ్యూ పట్టణములో ఆ సంస్థ ప్రధాన కార్యాలయము కలదు. అది ఒక ప్రహరీగోడలోని కట్టడము కాదు. పట్టణపు వీథులతో పెనవేసుకొని అనేక భవనములుగా వ్యాపించినది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను, దీనితో ముందు పనియున్నది. అక్కడ 2007లో ఉమ్మడి సైకిళ్ళ పద్ధతి మొదలైనది. తరువాత వచ్చిన సైకిళ్ళు పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలి రంగులతో దూరమునకే కనిపించును. ముందు ఒక బుట్ట, ఒకే గేరు. వేగమునకు గాని అందమునకు గాని ఉద్దేశించినవి కావు. తాళము లేదు. ఏ సైకిలును ఎవరి పేరనూ లేదు. భవనము ముందున్నదానిని ఎక్కి పోయి, చేరిన భవనము ముందు విడిచిపెట్టవలెను. తిరుగు ప్రయాణమునకు అదే దొరకవలెనన్న నియమము లేదు. ఏదో ఒకటి దొరికిన చాలును.

ఈ ‘ఏదో ఒకటి’ దొరకుటలోనే అసలు పనియంతయు ఇమిడియున్నది. ఉదయము జనమంతయు బస్సు దిగుచోటినుండి ఒక దిక్కునకు పోవుదురు. మధ్యాహ్నము భోజనశాలవైపు పోవుదురు. సైకిళ్ళును జనముతోపాటే ప్రవహించి ఒకచోట గుట్టపడును, మరొకచోట ఒక్కటియు మిగులదు. వానిని బండ్లకెత్తి మరల పంచుటకు మనుష్యులు కావలెను. ఉచితమన్నది ఎక్కువానికే గాని నడుపు సంస్థకు కాదు.

అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి. 2018 జనవరిలో పత్రికలలో వచ్చిన వార్తలనుబట్టి గూగుల్ వద్ద సుమారు 1,100 సైకిళ్ళుండగా, వారమునకు 100 నుండి 250 వరకు కనిపించకుండ పోవుచుండెను! వానిలో చాలవరకు మరల దొరకినను, వెదకుటకు ముప్పది మంది వరకు కాంట్రాక్టు మనుష్యులను, అయిదు వ్యానులను నియోగింపవలసి వచ్చెను. కొన్ని సైకిళ్ళు వాగులో తేలినవి. కొన్నిటికి అమర్చిన జి.పి.ఎస్. పరికరములు అవి మెక్సికోలోను, అలాస్కాలోను ఉన్నట్లు చూపినవట. అయితే అందరును దొంగలు కారు. తమ వీథిలో తాళము లేక నిలిచియున్న సైకిలును ఊరివారు తమకును చెందినదిగా భావించిరి. గూగుల్ సైకిలుపై సినిమాకు పోయినట్లు ఆ పట్టణపు మేయరే అంగీకరించెను. సంస్థవారు ఆ పిమ్మట ఉద్యోగుల సెల్‌ఫోనుతో మాత్రమే తెరచుకొను తాళములను ప్రయోగముగా పెట్టిచూచిరి.

తాళము లేని సైకిలు గూగుల్ వారి కల్పన కాదు. హాలెండు దేశమున ఆంస్టర్‌డాంలో 1965లో ప్రోవో అను యువకబృందము కొన్ని సైకిళ్ళకు తెల్లరంగు పూసి, అందరును వాడుకొనవచ్చునని వీథిలో ఉంచినది. తాళము వేయక వీథిలో సైకిలు విడుచుట అక్కడి నిబంధనకు విరుద్ధమని పోలీసులు వానిని పట్టుకొనిపోయిరి. ఆ ప్రయత్నము నిలువలేదు. విచిత్రమేమనగా అదే దేశమున హోహె వెలువ అను ఉద్యానవనములో 1974 నుండి తెల్ల సైకిళ్ళు తాళము లేకయే నడచుచున్నవి! సుమారు 5,400 హెక్టార్ల ఆ వనములో నేడు 1,800 సైకిళ్ళు వరకు ఉన్నవి. నా అభిప్రాయములో భేదము మనుష్యుల స్వభావములో లేదు, కంచెలో ఉన్నది. వనమునకు మూడు ద్వారములు, చుట్టును కంచె. సైకిలు ఎంత తిరిగినను లోపలనే తిరుగును. ఆంస్టర్‌డాం వీథికి గాని, మౌంటెన్ వ్యూ వీథికి గాని అట్టి ఎల్ల లేదు.

కోపెన్‌హేగన్ నగరమువారు 1995లో మరొక మార్గము త్రొక్కిరి. 20 క్రోనర్ల నాణెము వేసిన సైకిలు విడుదలయగును. తిరిగి స్టాండులో బిగించిన నాణెము చేతికి వచ్చును. విడిభాగములు మరే సైకిలుకును సరిపడకుండునట్లు చేయించిరి. అయినను నాణెము మనిషి పేరు చెప్పదు గదా! పోయిన సైకిలును ఎవరు తీసికొనిరో తెలియదు. ఆ పథకము 2012లో ముగిసినది.

ఈ విషయములో మన ఊళ్ళలోని సైకిల్ టాక్సీ దుకాణదారు వారికంటె ముందున్నాడనవలెను. మడ్‌గార్డుపై అంకె, పుస్తకములో పేరు, గంటకింత అద్దె. కొత్త మొగమైన ఎరిగినవారెవరైన పూచీ పడవలెను. నేటి సెల్‌ఫోను తాళము చేయునది ఆ పుస్తకము పనియే. ఉర్దూలో ‘అమానత్’ అను చక్కని మాట కలదు; ఒకరు నమ్మి మన చేత ఉంచిన వస్తువని దానికర్థము. అమానత్ అనుటకు ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును ఒకరికొకరు తెలిసియుండవలెను.

‘ఉమ్మడి’ అన్నప్పుడు ఎవరికి ఉమ్మడి అను ప్రశ్నయు కలదు. గూగుల్‌లో 2007 ప్రాంతమున కాంట్రాక్టుపై పనిచేసిన ఆండ్రూ నార్మన్ విల్సన్ అను కళాకారుడు 2011 నాటి తన వీడియో చిత్రములో ఒక సంగతి వెల్లడించెను. అక్కడ పుస్తకములను స్కాన్ చేయు పనివారికి పసుపుపచ్చ బిళ్ళలుండెడివి. వారికి ఉచిత భోజనము లేదు, సైకిలెక్కు అనుమతియు లేదు. వీథిన పోవువాడు ఎక్కిపోగల సైకిలును, పక్క భవనములో పనిచేయువాడు ముట్టరాదు! కాపలా లేనిచోట నిషేధము చెప్పినమాట వినువానికే తగులును.

మన విద్యార్థులకు చేరువలోని ఉదాహరణము మైసూరులోని ఇన్ఫోసిస్ శిక్షణ ప్రాంగణము. మూడువందల ఎకరములకు మించిన ఆ స్థలమున శిక్షణ పొందిన తెలుగు పట్టభద్రులు ఎందరో కలరు. వసతిగృహమునుండి తరగతి గదికి, అక్కడినుండి భోజనశాలకు ఉమ్మడి సైకిళ్ళపై పోవుట వారికి పరిపాటి. అక్కడ ప్రహరీ కలదు, ద్వారమువద్ద కాపలా కలదు. సైకిలు బయటికి పోవునన్న బెంగ లేదు. మిగిలినది గాలి, చైను, బ్రేకుల సంగతియే.