బల్లమీది బొబ్బిలి యుద్ధము

యుద్ధమును బల్లమీదను, అరుగుమీదను పఱచి యాడుకొనుట మనకు క్రొత్త గాదు. రథములు, గజములు, తురగములు, పదాతులు అను నాలుగంగముల సేనవలననే చతురంగమునకు ఆ పేరు గలిగెను. పల్లెలలో సుద్దతో గీచి యాడుకొను పులిజూదము మాత్ర మేమి? 3 పులులు, 15 మేకలు, 23 స్థానములు. పులులు దూకి చంపును, మేకలు చుట్టుముట్టి బంధించును. అదియు నొక ముట్టడియే. కావున ఇది పురుషుల విషయమని సోదరీమణులు పుట త్రిప్పివేయవలదని ప్రార్థించుచున్నాము.

పడమటి దేశములలో ఈ క్రీడ శాస్త్రముగా బెరిగినది. 1824వ సంవత్సరమున ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను యువసేనాని, పటముమీద దళములను నడిపి, పాచికలు వైచి జయాపజయములు నిర్ణయించు పద్ధతి నొకదానిని ప్రకటించెను. అది అచటి సైనికాధికారుల చదువులో భాగమయ్యెను. 1913లో ఆంగ్ల రచయిత యగు వెల్సు బొమ్మసిపాయిలతో నాడు ఆటను గూర్చి పుస్తకము వ్రాసి, తెలివిగల బాలికలకు గూడ అందు దయతో చోటిచ్చెను. ఆ దయకు మనము సంతోషింపవలసినదే! అయితే 1942లో లివర్పూలు పట్టణమున జరిగిన సంగతి వినుడు. కెప్టెను గిల్బర్టు రాబర్ట్సు అను నావికాధికారి క్రింద, నౌకాసేనయందలి యువతులు నేలమీద గడులు గీచి, జర్మనుల జలాంతర్గాములు వర్తకనౌకల నెట్లు ముంచుచున్నవో ఆడి కనిపెట్టిరి. అందుండి పుట్టిన ఎదురుపన్నుగడకు 'రాస్‌బెర్రీ' యని పేరిడినది జీన్ లెయిడ్లా అను యువతి. యుద్ధనౌక నడిపి యెఱుగని ఆ పిల్లల చేతిలో అనుభవశాలురైన అధికారులు ఓడి, పాఠము నేర్చుకొని మరలిరి.

ఇట్టి యాటలలో చిక్కంతయు లెక్కలయందున్నది. ఏ దళ మెంత దూరము నడచును, ఏ గోడ యెన్ని దెబ్బల కోర్చును, బియ్యము ఎన్ని దినములకు వచ్చును — ఇవన్నియు చేతితో వ్రాసికొనుచు గూర్చుండిన ఒక్క యాటకు రెండు రాత్రులు పట్టును. అందుచేతనే ఆటగాండ్రు తమ తీరికవేళలందు కంప్యూటరుకు ఈ పని నేర్పుచున్నారు. రాడ్నీ కిన్నీ అను నాతడు ఒక్క యాటకొఱకు మొదలిడిన 'వాసల్' అను ప్రోగ్రాము నేడు ఎందఱికో ఉచితముగా దొరకుచున్నది. ఎవరికి నచ్చిన యాటను వారు అందులో గూర్చుకొనవచ్చును.

మా యింట ఈ పిచ్చి ప్రవేశించుటకు కారణము మా యూరే. మాది రాజాము. తాండ్ర పాపారాయుడు కోట కావలియున్న యూరు. 2022 వరకు శ్రీకాకుళము జిల్లాలో నుండి, అటుపిమ్మట విజయనగరము జిల్లాలో జేరినది. పాపారాయుడు వినిన నేమనునో! 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించిన కథ జంగముల నోట వినని యిల్లు ఈ ప్రాంతమున లేదు. ఇంజనీరింగు చదువుచున్న మా కుమారుడును, మా మేనల్లుడును వేసవి సెలవులలో ఈ యుద్ధమునే ఆటగా జేసిరి. అట్టముక్కపై ఆరు మూలల గడులు గీచిరి. నాలుగు మూలల గడిలో వాలుగా నడచినచో దూర మెక్కువగును. ఆరు మూలల గడిలో చుట్టుపట్ల ఆఱింటికిని దూర మొక్కటియే. బొబ్బిలివారికి చింతపిక్కలు, ఎదుటివారికి గవ్వలు. లెక్కలకు మాత్రము కంప్యూటరులో పైథాను భాషతో ఒక ప్రోగ్రాము వ్రాసికొనిరి.

ఆ లెక్కలలో మాకును రుచి పుట్టినది. ముట్టడివా రొక పాచిక, కోటవా రొక పాచిక వేయుదురు. సమమైనచో కోటవారిదే గెలుపు. మొత్తము 36 విధములుగా పాచికలు పడవచ్చును. అందు ముట్టడివారు గెలుచునవి 15 మాత్రమే. అదే ముట్టడివారు రెండు పాచికలు వైచి పెద్దదానిని గైకొన్నచో, 216 విధములలో 125 వారివి. ఒక్క పాచిక అధికమైనంతనే తక్కెడ ఇట్లు తలక్రిందులగును! ఫిరంగులకు ఆ రెండవ పాచిక నిచ్చిరి. మావారు కాగితముమీద ఈ లెక్క గట్టి చూపగా, పిల్లలు ప్రోగ్రాముచేత లక్షమారులు పాచికలు వేయించి సరిచూచుకొనిరి. కనుఱెప్ప పాటులో నయ్యెను.

పిల్లల యాశ అంతయు పాపారాయునిమీద. కబురు సకాలమున రాజాము చేరలేదని కథలు చెప్పును. చేరియున్నచో? ఆటలో వేగువాని నడపి, అతనిని రప్పించి, కోట నిలిపి చూడవలెనని వారి తహతహ. ఒకనాటి రాత్రి కోట నిలిచెను కూడ. ఇద్దఱును కేకలు వైచి గంతులిడుచుండగా, పదవతరగతి చదువు మా కుమార్తె తెరమీది పట్టికను చాల సేపు చూచి యిట్లడిగెను.

"అన్నయ్యా, కోటలో ఆడవాళ్ళేరీ? నీ లెక్కలో ఎక్కడా లేరు."

"వాళ్ళు యుద్ధం చెయ్యరు కదే!"

"చెయ్యకపోయినా చచ్చిపోయారు కదా!"

సోదరీమణులారా, ఆ పట్టికలో కాలిబంటులు, రౌతులు, ఫిరంగులు, బియ్యము ఉన్నవి. కోట పడు సమయమున శత్రువుల చేజిక్కకుండవలెనని తమవారి చేతులలోనే ప్రాణములు గోల్పోయిన స్త్రీలును, బిడ్డలును లేరు. కథలలో ఆ ఘట్టమును వీరోచితముగా బాడి కన్నీరు పెట్టించుట మనకు వాడుక. మాకు మాత్రము అది పాటగా వినినప్పటికంటె, లెక్కలో లేనట్లు తెలిసినప్పుడే గుండెలో నాటినది. వారిలో నొక్కరి నైనను పోవుదువా, ఉందువా యని యెవ్వరడిగిరి?

మా మేనల్లుడు వారికిని పిక్కలు పెట్టి, చనిపోయినచో గెలిచినవారికి కొన్ని అంకెలు తగ్గింత మనెను. అమ్మాయి ఒప్పుకొనలేదు, వారి చావును అంకెలుగా మార్చుట ఆమె కిష్టము లేదు. మేము ఆమె పక్షమే వహించితిమి. వారము దినములు ఆలోచించి ఆమె రెండు మార్పులు చేసినది. ముట్టడికి ముందు ప్రతి రాత్రియు కోటనుండి కొందఱిని బండ్లమీద రాజామునకు పంపవచ్చును. కాని వారి వెంట కావలిబంట్లు పోవలెను, వారు మరల గోడమీదికి రారు. రెండవది, ఆట ముగియగానే ఎవరు గెలిచినను, కోటలో బ్రదికియున్న స్త్రీలెందఱు, బిడ్డలెందఱు అని మాత్రము తెరమీద గనబడును. దానికి అంకెలు లేవు, బహుమానము లేదు.

అటుపిమ్మట మగపిల్లల యాట తీరు మారినది. మొదటి రాత్రియే బండ్లు గట్టించుట ఆరంభించిరి. గోడలు పలుచబడి కోట త్వరగా పడజొచ్చెను. "అత్తా, దాని రూలు వల్ల ఆట పాడైపోయింది" అని మేనల్లుడు మాకు ఫిర్యాదు. పరువు వదలి పంపుటకు రంగారాయడు ఒప్పుకొనునా యని మా కుమారుని సందేహము. అది చరిత్ర దృష్ట్యా న్యాయమైన సందేహమే. ఆంగ్ల చరిత్రకారుడు ఓర్మె వ్రాసినదానినిబట్టి, రంగారాయని చిన్న కుమారుని ఒక వృద్ధుడు కాపాడి, యుద్ధానంతరము ఒక ఫ్రెంచి అధికారికి అప్పగించెను. అదియు తండ్రి యిష్టమునకు విరుద్ధముగానే. పేరైన మనకు తెలియని ఆ వృద్ధుడు చేసినదే మా అమ్మాయి రూలు.

ఇప్పు డామె ఆ వృద్ధునికి ఒక చింతపిక్క నిచ్చినది. అతడు ఎవరి యాజ్ఞయు లేక, రాత్రివేళ ఒక్క గడి నడచును, ఒక్క బిడ్డను గొనిపోవును. అతనిమీద పాచిక వేయు నధికారము ఎవరికిని లేదు. ఈ యొక్క విషయమున మగపిల్లలును ఎదురాడలేదు.