విశ్రాంత శరీర ఉష్ణోగ్రత

విశ్రాంత శరీర ఉష్ణోగ్రత అనగా నిద్ర లేచిన వెంటనే, మంచం దిగకముందే కొలిచిన శరీర ఉష్ణోగ్రత. వైద్యులు దీనిని బేసల్ బాడీ టెంపరేచర్ అని, క్లుప్తంగా బీబీటీ అని అంటారు. స్త్రీలలో అండం విడుదలైన తరువాత ఈ ఉష్ణోగ్రత కొద్దిగా పెరుగుతుంది. ప్రతి ఉదయం దీనిని కొలిచి రాసుకుంటే అండం విడుదలైనదా లేదా, విడుదలైతే సుమారు ఏ రోజున అనే విషయాలు తెలుస్తాయి. సంతానం కోరే దంపతులు ఒక్క థర్మామీటరుతో ఇంటివద్దనే పాటించగల పద్ధతి ఇది. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో వేసవి ఎండలు, రాత్రి పనులు, వలసలు ఈ పద్ధతిపై చూపే ప్రభావం కూడా ఈ వ్యాసంలో వివరించబడినది.

శాస్త్రీయ ఆధారం

అండం విడుదలైన తరువాత అండాశయంలో మిగిలిన భాగం కార్పస్ లూటియం అనే గ్రంథిగా మారి ప్రొజెస్టిరాన్ అనే హార్మోనును స్రవిస్తుంది. మెదడులో శరీర ఉష్ణోగ్రతను నియంత్రించే హైపోథలమస్ పై ఈ హార్మోను పనిచేయడం వలన ఉష్ణోగ్రత సుమారు 0.2 నుండి 0.5 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగుతుంది. ఫారన్‌హీట్ మానంలో ఇది 0.4 నుండి 0.9 డిగ్రీలు. గర్భం నిలవకపోతే సుమారు రెండు వారాలలో ఈ గ్రంథి క్షీణించి, ఉష్ణోగ్రత తగ్గి, బహిష్టు వస్తుంది. పెరిగిన ఉష్ణోగ్రత 18 రోజులకు మించి నిలిచి ఉంటే అది గర్భధారణకు సూచన కావచ్చు. దానిని మూత్ర పరీక్షతో నిర్ధారించుకోవాలి.

చరిత్ర

ఋతుచక్రంలో శరీర ఉష్ణోగ్రత మారుతుందని అమెరికా వైద్యురాలు మేరీ పుట్నం జాకోబీ 1877లో ప్రచురించిన గ్రంథంలో చూపారు. నెదర్లాండ్స్‌కు చెందిన స్త్రీవ్యాధి నిపుణుడు థియోడోర్ వాన్ డి వెల్డె 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఈ మార్పును రెండు దశలుగా గుర్తించి, తరువాతి కాలంలో దానిని కార్పస్ లూటియంతో ముడిపెట్టి వివరించారు.

కొలిచే విధానం

1. బహిష్టు మొదలైన తేదీని 1వ రోజుగా లెక్కించాలి. తిథులు తేదీలతో సరిగా కలవవు కనుక తిథుల ప్రకారం కాక తేదీల ప్రకారమే రాసుకోవాలి.
2. కనీసం మూడు గంటలపాటు ఎడతెగక నిద్రించిన తరువాత, ప్రతిరోజూ దాదాపు ఒకే సమయంలో కొలవాలి.
3. లేవకముందే, నీరు త్రాగకముందే, మాట్లాడకముందే థర్మామీటరును నాలుక క్రింద ఉంచాలి.
4. ఫారన్‌హీట్‌లో దశాంశ స్థానం వరకు చూపే సాధారణ డిజిటల్ థర్మామీటరు సరిపోతుంది. సెల్సియస్‌లోనైతే రెండు దశాంశ స్థానాలు చూపేది మేలు.
5. జ్వరం, నిద్రలేమి, మద్యపానం, ప్రయాణం వంటివి ఉన్న రోజులను పక్కన గుర్తు పెట్టుకోవాలి.

వరుసగా మూడు రోజుల కొలతలు వాటికి ముందరి ఆరు రోజుల కొలతలన్నిటికంటే ఎక్కువగా ఉండి, మూడవ రోజు కొలత కనీసం 0.4 డిగ్రీల ఫారన్‌హీట్ ఎక్కువైతే అండం విడుదలైనట్లు భావిస్తారు. ఉదాహరణకు ఆరు రోజులు 97.2, 97.4 డిగ్రీల మధ్య ఉండి, ఆ తరువాత 97.7, 97.8, 98.0గా నమోదైతే, అండం ఆ పెరుగుదలకు ఒకటి రెండు రోజుల ముందు విడుదలై ఉండవచ్చు.

పరిమితులు

ఈ పద్ధతి అండం విడుదలైన విషయాన్ని తరువాత తెలుపుతుందే గాని ముందుగా చెప్పదు. విడుదలైన అండం ఒక రోజుకు మించి జీవించదు. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు ఉండగలవు. 221 మంది స్త్రీలపై విల్కాక్స్ బృందం జరిపి 1995లో ప్రచురించిన అధ్యయనంలో, అండం విడుదలైన రోజుతో ముగిసే ఆరు రోజులలో కలిసినపుడే గర్భం వచ్చినట్లు తేలింది. అందువలన ఉష్ణోగ్రత పెరిగిన తరువాత కలిసేందుకు వేచి ఉన్నవారు అనువైన రోజులను కోల్పోతారు. యోనిస్రావం కోడిగ్రుడ్డు తెల్లసొన వలె పలుచగా, సాగే విధంగా ఉండే రోజులను గమనించడం, లేదా చక్రం మధ్య భాగంలో రెండు మూడు రోజులకొకసారి కలవడం ఇంతకంటే ఉపయోగకరం. రెండు మూడు నెలల నమోదు చక్రం తీరును తెలుపుతుంది.

పశ్చిమ కర్నూలు ప్రాంతంలో

ఈ ప్రాంతంలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఉక్కపోతతో నిద్ర చెదిరినా, ఒకరోజు మిద్దెపైనా మరొకరోజు ఇంటిలోనా పడుకున్నా కొలతలు కొద్దిగా మారవచ్చు. అందుచేత ఒక్కరోజు అంకెను బట్టి కాక, అనేక రోజుల వరుసను బట్టి నిర్ణయించాలి. రాత్రిపూట మగ్గం పనిచేసేవారు, మిల్లులలో రాత్రి షిఫ్టుకు వెళ్ళేవారు తెల్లవారుజామున కాక, తమ ప్రధాన నిద్ర ముగిసినప్పుడు కొలవాలి. రంజాన్ మాసంలో సహరీకి లేచేవారు ఆహారం తీసుకోకముందే కొలిచి, లేచే వేళ మారిన సంగతి రాసుకోవాలి.

వర్షాభావ సంవత్సరాలలో ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం పరిసర గ్రామాల నుండి అనేకులు మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు, కట్టడ పనులకు బెంగుళూరు, హైదరాబాదు నగరాలకు వలస వెళ్తారు. భర్త ఒక్కడే వలస వెళ్ళిన ఇంట దంపతులు నెలల తరబడి వేరుగా ఉంటారు. పెళ్ళయి ఎన్నేళ్ళయిందన్నది కాక, కలిసి ఉన్న నెలలు ఎన్ని అన్నదే వైద్యునికి ముఖ్యం. ఉష్ణోగ్రత పుస్తకంలో ఆ నెలలను కూడా గుర్తించి ఉంచితే, గర్భం రాలేదని కోడలిని నిందించే ముందు అసలు అవకాశం ఎంత ఉన్నదో తెలుస్తుంది.

పురుషుని పరీక్ష

ఉష్ణోగ్రత పట్టిక దంపతులలో ఒకరి విషయం మాత్రమే చెబుతుంది. సంతానలేమి గల జంటలలో దాదాపు సగం మందిలో పురుషునికి సంబంధించిన కారణం ఒంటరిగానో, స్త్రీ సంబంధమైన కారణంతో కలిసియో ఉంటుంది. పట్టిక సక్రమంగా ఉన్నా అండవాహికలు మూసుకుపోయి ఉండవచ్చు. భారతదేశంలో జననాంగాల క్షయ దీనికి ఒక ముఖ్య కారణం. కనుక స్త్రీకి పరీక్షలు ఆరంభించినపుడే పురుషునికి వీర్య పరీక్ష కూడా చేయించాలి. ఇది తక్కువ ఖర్చుతో, నొప్పి లేకుండా జరుగుతుంది. దీనికి ముందు 2 నుండి 7 రోజులు సంభోగానికి దూరంగా ఉండాలి.

వైద్య సహాయం

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం 12 నెలలు లేదా అంతకు మించి గర్భనిరోధం లేకుండా క్రమంగా కలిసినా గర్భం రాకపోవడాన్ని సంతానలేమి అంటారు. స్త్రీ వయస్సు 35 దాటితే ఆరు నెలలకే వైద్యుని కలవాలి. బహిష్టు క్రమం తప్పినా, అసలు రాకపోయినా, గతంలో క్షయ సోకినా వేచి ఉండరాదు. రెండు మూడు నెలలుగా ఉష్ణోగ్రతలో పెరుగుదల కనిపించకపోతే థైరాయిడ్ లోపం, అండాశయ నీటిబుడగలు వంటి కారణాలను పరీక్షించవలసి ఉంటుంది. గ్రామాలలో ఆశా కార్యకర్త లేదా ఏ.ఎన్.ఎం. ద్వారా మొదటి సలహా పొందవచ్చు. ఆదోని ఏరియా ఆసుపత్రి, కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల ఈ ప్రాంతీయులకు అందుబాటులో గల ప్రభుత్వ వైద్యశాలలు. టెస్ట్ ట్యూబ్ పద్ధతి వంటి చికిత్సలు చేసే కేంద్రాలు 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం క్రింద నమోదై ఉండాలి. సంతానం కోరే స్త్రీలు గర్భధారణకు ముందు నుండే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవడం మంచిది.