ముక్కూముఖం తెలియనివారికి సాయం: అపోహలు – వాస్తవాలు

బస్టాండులో రెండు చేతులా బరువైన సంచులతో ఒక పెద్దావిడ కనిపిస్తుంది. ఒకటి అందుకుందామని మనసులో ఉంటుంది. ఏమనుకుంటుందోనని తటపటాయించేలోపు ఆవిడే ఎలాగో బస్సెక్కేస్తుంది. మనలో మంచితనానికి కొరత లేదు. అవతలివారు ఎలా తీసుకుంటారన్న అంచనా దగ్గరే పొరబడుతున్నాం.

అపోహ: ఇంత చిన్న పనితో వాళ్ళకు ఒరిగేదేముంది?

వాస్తవం: చికాగోలో చలికాలం, ఒక పార్కులోని స్కేటింగ్ మైదానం దగ్గర అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. వచ్చినవారికి వేడి చాక్లెట్ పానీయం ఇచ్చి, మీరే తాగవచ్చు, లేదంటే తెలియనివారెవరికైనా ఇవ్వవచ్చు అన్నారు. పుచ్చుకున్నవారు ఎంత సంతోషించి ఉంటారో ఇచ్చినవారిని అడిగారు. పుచ్చుకున్నవారినీ విడిగా అడిగారు. ఇచ్చినవారు ఊహించినదానికన్నా వాళ్ళ సంతోషం ఎక్కువని తేలింది. 2022లో వెలువడిన ఈ పరిశోధన కారణం కూడా చెప్పింది. ఇచ్చే మనిషి చేతిలోని వస్తువును చూసి లెక్క కడతాడు. పుచ్చుకునే మనిషికి దానితోపాటు ‘ఎవరో నన్ను పట్టించుకున్నారు’ అన్న ఊరట అందుతుంది. అదే పరిశోధనలోని మరో ప్రయోగంలో, అలా ఆదరణ పొందినవారు ఆ తరువాత మరో అపరిచితుడికి డబ్బు పంచవలసి వచ్చినప్పుడు కాస్త ఎక్కువే ఇచ్చారు.

మే నెల మిట్టమధ్యాహ్నం పార్సిల్ తెచ్చిన కుర్రాడిని “మంచినీళ్ళు తాగుతావా బాబూ?” అని అడిగితే అతని ముఖం ఎందుకు విప్పారుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. నీళ్ళు వద్దన్నా సరే, ఆ అడగడం అతనికి అందినట్టే.

అపోహ: తెలియనివాళ్ళతో మాట కలిపితే విసుక్కుంటారు.

వాస్తవం: చికాగో రైళ్ళలో రోజూ తిరిగేవాళ్ళు కూడా ఇలాగే అనుకున్నారు. మౌనంగా కూర్చుంటేనే ప్రయాణం హాయిగా ఉంటుందన్నారు. తీరా చూస్తే పక్కవారితో మాట్లాడినవాళ్ళే ప్రయాణం బాగా సాగిందని చెప్పారు. ఎప్లీ, జులియానా ష్రోడర్ 2014లో ప్రచురించిన ఫలితమిది. ముభావానికి పేరుపడ్డ లండన్ రైళ్ళలోనూ తరువాత ఇదే కనిపించింది. “ఎందాకా వెళ్తున్నారండీ?” అంటూ మొదలుపెట్టి, దిగేలోపు పిల్లల పెళ్ళిళ్ళ దాకా మాట్లాడుకునే ప్రయాణాలు మన పెద్దవాళ్ళకు మామూలే. ఫోన్లలో తలదూర్చి ఆ అలవాటును మనమే పోగొట్టుకుంటున్నాం.

అయితే ముక్తసరిగా జవాబిచ్చి కిటికీలోంచి చూస్తున్నవారిని వదిలేయాలి. ఒంటరిగా ప్రయాణిస్తున్న స్త్రీల విషయంలో ఇది మరీ ముఖ్యం. రైల్లో మీరిచ్చిన తినుబండారం వద్దన్నారని నొచ్చుకోవద్దు. మత్తుమందు కలిపి దోచుకునే ముఠాల గురించి రైల్వేవాళ్ళే హెచ్చరిస్తుంటారు.

అపోహ: మంచి పనికి అవతలివాళ్ళను అడగడమెందుకు?

వాస్తవం: అడిగి తీరాలి. చూపులేనివారి చెయ్యి పట్టుకుని బరబరా లాక్కుంటూ రోడ్డు దాటిస్తే అది వాళ్ళకు భయం, అవమానం. “సాయం కావాలా అండీ?” అని అడిగి మీ మోచెయ్యి అందించండి. పట్టుకుని వాళ్ళే నడుస్తారు. చక్రాల కుర్చీని చెప్పకుండా వెనకనుంచి తోయడమూ తప్పే. ఇచ్చేది పులిహోర పొట్లమైనా సరే, పుచ్చుకునేవారి ముఖాన్ని వీడియో తీయకండి.

అపోహ: ఈ రోజుల్లో పరాయివాళ్ళను ఎవరూ పట్టించుకోరు.

వాస్తవం: 40 దేశాల్లోని 355 నగరాల్లో 17,000కు పైగా పర్సులను పరిశోధకులు ‘దొరికాయి’ అంటూ బ్యాంకులు, హోటళ్ళు, పోస్టాఫీసుల వంటి చోట్ల అప్పగించి చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. డబ్బులేని పర్సుల గురించి 40 శాతం మంది యజమానికి కబురు చేస్తే, డబ్బున్న పర్సుల గురించి 51 శాతం మంది చేశారు.

అపోహ: రోడ్డు ప్రమాదంలో సాయపడితే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి.

వాస్తవం: ఒకప్పుడు ఈ భయానికి కారణం ఉండేది. సాయపడేవారి రక్షణ కోసం కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలం కల్పించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ వచ్చింది. సదుద్దేశంతో సాయపడుతున్నప్పుడు పొరపాటున బాధితుడికి హాని జరిగినా మీపై సివిల్ బాధ్యత గానీ క్రిమినల్ బాధ్యత గానీ ఉండదు. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు బలవంతపెట్టకూడదని 2020 నిబంధనలు చెబుతున్నాయి. మీరే ఇష్టపడి సాక్ష్యం చెబుతానంటే, మీకు వీలైన చోటికి, వీలైన వేళకు వాళ్ళే రావాలి.

ఇది తెలియకే ఎందరో బండి ఆపి, చూసి, వెళ్ళిపోతున్నారు. దెబ్బ తగిలాక మొదటి గంట ఎంతో విలువైనది. దయచేసి ఆగండి. 108కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఆ మనిషి పక్కనే ఉండండి.