కారుకు వీపున చెవులూ, కళ్ళూ

లారీ వెనక్కి పోవాలంటే క్లీనరు దిగాలి. "రానీ, రానీ" అంటూ అరచేత్తో బాడీ మీద తడుతూ ఉంటాడు. గట్టిగా ఒక్క దెబ్బ పడిందంటే డ్రైవరు బ్రేకు తొక్కవలసిందే. ఆర్టీసీ బస్సుకైతే కండక్టరు విజిలుంది. సొంత కారు నడుపుకొనేవాడికి క్లీనరూ లేడు, కండక్టరూ లేడు. ఆ లోటు తీర్చడానికి వచ్చినవే పార్కింగు సెన్సారు, వెనక కెమెరా. మొదటిది వింటుంది, రెండోది చూస్తుంది.

ముందు వినేదాని సంగతి. కారు వెనక బంపరు మీద రూపాయి బిళ్ళంత గుండ్రని మచ్చలు మూడో నాలుగో కనిపిస్తాయి. ఒక్కొక్క మచ్చ వెనక ఒక పీడన విద్యుత్ బిళ్ళ ఉంటుంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, ఆయన తమ్ముడు పియరీ క్యూరీ కనిపెట్టారు. (మేరీ క్యూరీని తర్వాత పెళ్ళాడింది ఈ తమ్ముడే.) దాని తలకిందులు కూడా నిజమే: విద్యుత్తు ఇస్తే బిళ్ళ కంపిస్తుంది. అందుచేత ఒకే బిళ్ళ నోరూ అవుతుంది, చెవీ అవుతుంది. రివర్సు గేరు వేయగానే అది సుమారు 40 వేల హెర్ట్జుల మీద ఒక కేక వేసి ఊరుకుంటుంది. మన చెవికి 20 వేలు దాటితే వినబడదు గనుక ఆ కేక మనకు తెలియదు. ఎదుటి గోడకు తగిలి వచ్చే ప్రతిధ్వని కోసం బిళ్ళ కాచుకొని ఉంటుంది. అచ్చంగా గబ్బిలం విద్యే.

గోడ మీటరు దూరంలో ఉందనుకోండి. ధ్వని పోయి రావాలి, అంటే రెండు మీటర్లు. 20 డిగ్రీల వేడిమిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. కాబట్టి పట్టే కాలం సెకనులో వెయ్యో వంతులు ఆరింటికి కాస్త తక్కువ. కాలాన్ని కొలిచి, వేగంతో గుణించి, సగం చేస్తే దూరం వచ్చేస్తుంది. దూరం తగ్గినకొద్దీ కూత వడి పెంచుతుంది, అంతే.

ప్రయోగశాలలో అనునాద స్తంభంతో కుస్తీ పట్టినవారికి ఒక సందేహం రావాలి. డిగ్రీకి 0.6 మీటరు చొప్పున ధ్వని వేగం పెరుగుతుంది గదా, మన మే నెల ఎండలో లెక్క తప్పదా? తప్పుతుంది. 44 డిగ్రీల్లో వేగం సుమారు 357 మీటర్లు. వేడిమికి సవరణ లేని సెన్సారు మీటరు దూరాన్ని 96 సెంటీమీటర్లుగా చెబుతుంది. నష్టం లేదు లెండి, ఉన్నదానికన్నా దగ్గరని చెబితే మంచిదే.

అసలు చిక్కులు వేరే ఉన్నాయి. గంట కొట్టిన తర్వాత కాసేపు మోగినట్టు, కేక వేశాక బిళ్ళ కొంతసేపు కంపిస్తూనే ఉంటుంది. అంతలో వచ్చిన ప్రతిధ్వనిని పట్టుకోలేదు. అందుకే చివరి పాతిక ముప్ఫయి సెంటీమీటర్లలో అంకెలు మాని ఒకటే కూత పెడుతుంది. ఏటవాలు తలం ధ్వనిని పక్కకు పంపేస్తుంది. మెత్తని గుడ్డ, గడ్డి మింగేస్తాయి. సన్నని ఊచ, బంపరు కన్నా బాగా కిందున్న రాయి దానికి అందకపోవచ్చు. ఇక మన వీధుల్లో మూతలేని మురుగు కాలువ ఉంది చూశారూ, దాని నుంచి ప్రతిధ్వనే రాదు. సెన్సారు లెక్క ప్రకారం అక్కడ దారి ఖాళీ!

అక్కడ కెమెరా కావాలి. 1956లో బ్యూక్ కంపెనీ ప్రదర్శన కోసం తయారుచేసిన సెంచూరియన్ కారుకు తోకలో టెలివిజన్ కెమెరా, ముందు తెర అమర్చింది. మామూలు కార్లకు ఆ భోగం పట్టడానికి దశాబ్దాలు గడిచాయి. ఈ బొమ్మను కావాలనే అద్దంలోలా కుడి ఎడమలు మార్చి చూపిస్తారు, లేకపోతే స్టీరింగు ఎటు తిప్పాలో తోచదు. తెర మీది పచ్చ, పసుపు, ఎరుపు గీతలు దూరానికి గుర్తులు. కొన్ని కార్లలో స్టీరింగు తిప్పితే గీతలూ వంగుతాయి. విశాలంగా చూసే కటకం గనుక వస్తువులు ఉన్నదానికన్నా దూరంగా తోస్తాయి. కొత్తవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

ఇదంతా బంపరు సొట్టల కోసమేనా? కాదు. 2002లో అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో ఒక తండ్రి ఇంటి ముందు బండిని వెనక్కి తీస్తుండగా, రెండేళ్ళ సొంత కొడుకు దాని కింద పడి చనిపోయాడు. ఎత్తయిన బండి, చిన్న బిడ్డ. ఏ అద్దంలోనూ కనపడలేదు. ఇలాంటి ప్రమాదాల్లో అక్కడ ఏటా సుమారు 210 మంది మరణిస్తున్నారనీ, వారిలో దాదాపు మూడో వంతు అయిదేళ్ళలోపు పిల్లలనీ ఆ దేశపు రహదారి భద్రతా సంస్థ లెక్క కట్టింది. ఆ బాలుడి పేరు మీదనే 2008లో చట్టం వచ్చింది. కార్ల కంపెనీలు ఖర్చని వాదించగా వాదించగా, 2018 మే 1 నాటికి గాని కొత్త కార్లన్నిటికీ కెమెరా తప్పనిసరి కాలేదు. పదేళ్ళు! మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు వెనక సెన్సారు తప్పనిసరి చేశారు. ఆ నిబంధనలో కెమెరా లేదు. వాకిట్లో కూర్చుని ముగ్గుపిండితో ఆడుకొనే పసివాళ్ళున్న దేశంలో అది కూడా చేర్చి ఉండవలసిందని నా అభిప్రాయం.

ఉన్న పాత కారుకు కెమెరా బిగించుకోవడం పెద్ద పనేం కాదు, కారు సామాన్ల దుకాణంలో అమరుస్తారు. వానాకాలంలో కటకం మీద బురద చిందితే తెర మసకబారుతుంది గనుక డిక్కీలో మెత్తని గుడ్డ ఒకటి ఉండాలి. సెన్సార్లనూ దానితోనే తుడవచ్చు. బురద పేరుకుంటే అవి ఖాళీ వీధిలో కూడా అడ్డం ఏదో ఉందని కూస్తాయి, లేదా గోడ ముందు కూడా నోరు మెదపవు.