మోకాళ్ల నొప్పికి మాత్ర.. కిడ్నీలకు ముప్పు

వేంసూరు మండలంలోని ఓ ఊరి నుంచి ఆయన్ని మా ఆసుపత్రికి తీసుకొచ్చేసరికి ముఖం ఉబ్బిపోయి ఉంది. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడుతోంది. పడుకుంటే ఊపిరి ఆడక రెండు రాత్రులు కూర్చునే ఉన్నారట. అయినా ‘ఎలా ఉందండీ?’ అని అడిగితే ‘బాగానే ఉంది డాక్టరుగారూ’ అన్నారు. సైన్యంలో 20 ఏళ్లకు పైగా పనిచేసి హవల్దారుగా రిటైరైన మనిషి మరి! బీపీ చూస్తే 200/110. రక్తంలో క్రియాటినిన్ 9 దాటింది. మామూలుగా 1.2కు అటూ ఇటూ ఉండాలి.

‘ఆయన చెప్పరు సార్. చెప్పే అలవాటే లేదు’ అంది భార్య. ఆయన రాజస్థాన్‌లోనో, కశ్మీర్‌లోనో ఉన్నప్పుడు పిల్లల్ని, అత్తమామల్ని, పొలాన్ని ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది. బిడ్డకు జ్వరమొచ్చినా ఉత్తరంలో రాసేది కాదట. ఆయనా అంతే. ఇద్దరూ ‘ఇక్కడ అంతా క్షేమం’ అనే రాసుకునేవారు. ఉద్యోగం అయిపోయి ఇంటికొచ్చినా ఆ ఉత్తరాల అలవాటు పోలేదు.

ఆమె సంచిలోంచి ఓ ప్లాస్టిక్ కవరు తీసింది. నిండా ఖాళీ మాత్రల అట్టలు. అన్నీ డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్. బరువులు మోసి, కవాతులు చేసి అరిగిన మోకాళ్లకు పదేళ్లుగా మందుల షాపులో అడిగి తెచ్చుకుని వాడుతున్నారు.

ఈ మాత్రలు నొప్పిని తగ్గిస్తూనే కిడ్నీలకు వెళ్లే రక్తాన్నీ తగ్గిస్తాయి. ఒంట్లో ఉప్పు, నీరు నిలబెట్టి బీపీని పెంచుతాయి. ఒకటి రెండు రోజులు వాడితే ఆరోగ్యవంతులకు సాధారణంగా ఏమీ కాదు. బీపీ, షుగరు ఉన్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు ఏళ్ల తరబడి మింగితే కథ వేరు. సగం కిడ్నీ పనితీరు పోయేదాకా క్రియాటినిన్ పెద్దగా పెరగకపోవచ్చు. అందుకే మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ముఖ్యం. ఖరీదైనదేమీ కాదు.

సర్వీసులో ఉన్నంతకాలం వైద్య పరీక్షల సంగతి యూనిట్ చూసుకుంటుంది. నలభైల్లో ఇంటికి రాగానే పరుగు ఆగిపోతుంది, తిండి మాత్రం ఆగదు. (క్యాంటీన్ సీసా గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.) సరిగ్గా బీపీ, షుగరు మొదలయ్యే వయసది. మీ ఇంట్లో మాజీ సైనికుడు ఉంటే ఏడాదికోసారి బీపీ, షుగరు, క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించండి. ‘బాగానే ఉంది’ అన్న మాట నమ్మకండి. మోకాళ్ల నొప్పికి తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం ముందు. మాత్ర తప్పనిసరైతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ కిడ్నీలకు వీటికన్నా మేలు.

ఇంకో సంగతి. వాళ్లు ముందు ఓ ప్రైవేటు ఆసుపత్రిలో మూడు రోజులుండి, మామిడితోట కౌలు డబ్బంతా కట్టేశారు. తండ్రికి ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉందని కొడుక్కి తెలియదు! 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈ పథకం కింద పెన్షన్ పొందే మాజీ సైనికుడికి, భార్యకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో నగదు లేకుండా వైద్యం అందుతుంది. ప్రాణాపాయంలో వేరే ఆసుపత్రికి వెళ్లినా 48 గంటల్లోగా పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. కార్డు, డిశ్చార్జి బుక్, పెన్షన్ ఆర్డరు ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయేమో ఇవాళే చూడండి. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

ఆయనకిప్పుడు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలిసిస్. మొదటివారం దాటాక ఆమె నా గదికి వచ్చి, ‘నా కిడ్నీ ఇస్తాను సార్’ అంది. అవయవ మార్పిడి చట్టం ప్రకారం భార్య దగ్గరి బంధువే, ఇవ్వొచ్చు. బ్లడ్ గ్రూపు కలవకపోతే అలాంటి మరో జంటతో మార్చుకునే వీలూ ఉంది. సరేనని ఆమెను కూర్చోబెట్టి బీపీ చూశాను. 160/100. ఇంతవరకూ ఎవరూ చూడలేదట.