ఆటగాడు జట్టు మారితే అభిమానికి ఎందుకంత కోపం?

బార్డోలీ (సూరత్): బార్డోలీ పేరు వినగానే 1928 నాటి రైతు సత్యాగ్రహం, ఆ ఉద్యమ విజయంతో వల్లభ్‌భాయ్ పటేల్‌కు దక్కిన 'సర్దార్' బిరుదు గుర్తుకు వస్తాయి. ఈ పట్టణం ఉన్న సూరత్ జిల్లాలోనే, చౌర్యాసీలో, 1993 అక్టోబర్ 11న జన్మించిన ఒక క్రికెటర్ జట్టు మారిన వైనం 2023లో దేశమంతటా అభిమానుల మధ్య వాగ్వాదం రేపింది. ఆ క్రికెటర్ హార్దిక్ పాండ్యా. ఆటగాళ్ల బదిలీ అనే ప్రక్రియ ఎలా జరుగుతుంది, అందులో ఎవరి మాట చెల్లుతుంది, అభిమాని ఆగ్రహానికి అసలు కారణం ఏమిటి అన్న ప్రశ్నలకు ఆ ఉదంతమే మంచి ఉదాహరణ.

అసలు జరిగిందేమిటి?

హార్దిక్ 2015లో ముంబై ఇండియన్స్ తరఫున ఇండియన్ ప్రీమియర్ లీగ్‌లో అడుగుపెట్టారు. 2022లో కొత్తగా ఏర్పడిన గుజరాత్ టైటన్స్ ఆయనను 15 కోట్ల రూపాయలకు తీసుకొని నాయకత్వం అప్పగించింది. తొలి సీజన్‌లోనే ఆ జట్టు విజేతగా నిలిచింది. మరుసటి ఏడాది తుది పోరుకు చేరి ఓడిపోయింది. సొంత రాష్ట్రపు కుర్రవాడు సొంత రాష్ట్రపు జట్టును గెలిపించాడన్న గర్వం గుజరాత్ అభిమానులకు కలిగింది.

2023 నవంబర్ 26న జట్లు తాము కొనసాగిస్తున్న ఆటగాళ్ల జాబితాలను ప్రకటించినప్పుడు గుజరాత్ జాబితాలో హార్దిక్ పేరు ఉంది. మరునాడే ఆయన ముంబైకి బదిలీ అయినట్లు అధికారిక ప్రకటన వెలువడింది. ఈ బదిలీలో ప్రతిగా మరో ఆటగాడు గుజరాత్‌కు రాలేదు. అది పూర్తిగా నగదు ఒప్పందం. ఆయన జీతానికి తగిన సొమ్ము మిగుల్చుకోవడానికి ముంబై తన ఆస్ట్రేలియా ఆటగాడు కామెరాన్ గ్రీన్‌ను 17.5 కోట్లకు బెంగళూరుకు పంపింది. గుజరాత్ పగ్గాలు శుభ్‌మన్ గిల్‌కు దక్కాయి. డిసెంబర్ 15న ముంబై మరో నిర్ణయం ప్రకటించింది. జట్టుకు 5 టైటిళ్లు అందించిన రోహిత్ శర్మ స్థానంలో హార్దిక్‌ను నాయకుడిగా నియమించింది.

దీంతో ఒకే వ్యక్తిపై రెండు నగరాల కోపం కలిసింది. విడిచి వెళ్లాడని అహ్మదాబాద్ అలిగింది, తమ నాయకుడి కుర్చీలో కూర్చున్నాడని ముంబై మండిపడింది. 2024 మార్చి 24న అహ్మదాబాద్‌లో పాత జట్టుపై ఆడినప్పుడు ఆయనకు హేళన కేకలు ఎదురయ్యాయి. మూడు రోజుల తరువాత హైదరాబాద్‌లోనూ అవే వినిపించాయి. ఏప్రిల్ 1న వాంఖడే మైదానంలో, అంటే సొంత జట్టు అభిమానుల నడుమ, టాస్ సమయంలో కేకలు ఎంత పెరిగాయంటే, వ్యాఖ్యాత సంజయ్ మంజ్రేకర్ ప్రేక్షకులను మర్యాద పాటించమని కోరవలసి వచ్చింది. ఆ సీజన్‌లో ముంబై 14 మ్యాచ్‌లకు 4 మాత్రమే గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచింది.

బదిలీ నియమాలు ఏమిటి?

లీగ్‌లో ఆటగాడు జట్టు మారే దారులు ప్రధానంగా రెండు. ఒకటి, పాత జట్టు విడుదల చేస్తే వేలంలోకి వెళ్లడం. రెండోది, రెండు జట్ల మధ్య నేరుగా బదిలీ. ఈ బదిలీలో ఆటగాడికి ఆటగాణ్ణి మార్చుకోవచ్చు, లేదా నగదు చెల్లించవచ్చు. ప్రతి జట్టు ఆటగాళ్ల జీతాలపై ఖర్చు చేయగలిగే మొత్తానికి పరిమితి ఉంటుంది. అందుకే ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోవాలంటే మరొకరిని వదులుకోక తప్పదు. గ్రీన్ బదిలీ వెనుక ఉన్న లెక్క అదే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆటగాడి సమ్మతి లేకుండా బదిలీ జరగదు. అలాగని ఆటగాడు తనంతట తానే మరో జట్టుతో బేరం కుదుర్చుకోవడానికీ వీల్లేదు. గుజరాత్‌కే చెందిన రవీంద్ర జడేజా 2010 సీజన్‌కు దూరం కావలసి వచ్చింది ఇందువల్లనే. రాజస్థాన్ జట్టులో ఉండగా ఆయన మరో జట్టుతో నేరుగా సంప్రదింపులు జరిపారని అప్పట్లో నిషేధం విధించారు. మొత్తం మీద బదిలీకి పాత జట్టు, కొత్త జట్టు, ఆటగాడు అంగీకరించాలి. అభిమానికి మాత్రం ఇందులో చోటు లేదు.

అమెరికా బేస్‌బాల్ నేర్పిన పాఠం

ఆటగాళ్ల బదిలీలకు పుట్టినిల్లు వంటిది అమెరికా బేస్‌బాల్. అక్కడి అభిమానులు శతాబ్ద కాలంగా ఈ వాదనలోనే ఉన్నారు. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు 1919 చివరలో తన మేటి ఆటగాడు బేబ్ రూత్‌ను న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మివేసింది. 1918లో విజేతగా నిలిచిన బోస్టన్ మళ్లీ ఆ టైటిల్ గెలిచింది 2004లోనే. మధ్యలోని 86 ఏళ్ల ఓటములను అభిమానులు ఆ అమ్మకం తెచ్చిన శాపంగానే చెప్పుకున్నారు.

అయితే అదే ఆటలో ఆటగాడి గొంతు కూడా వినిపించింది. 1969లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ తనను ఫిలడెల్ఫియాకు బదిలీ చేసినప్పుడు కర్ట్ ఫ్లడ్ వెళ్లేందుకు నిరాకరించారు. మనిషిని సరుకులా చేతులు మార్చడమేమిటని న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1972లో అమెరికా సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. ఆయన ఆట ముగిసిపోయింది. కానీ ఆ దశాబ్దం మధ్యలోనే ఆటగాళ్లు ఒప్పంద కాలం ముగిశాక తమ జట్టును తామే ఎంచుకునే హక్కు సాధించుకున్నారు. ఆటగాడి సమ్మతి అన్న మాట మన లీగ్‌లో నేడు సహజంగా కనిపిస్తుంది గానీ, మరోచోట దానికోసం ఒకరు తన జీవనాధారాన్నే పణంగా పెట్టారు.

హైదరాబాద్ అనుభవం

తెలుగు అభిమానులకూ ఈ బాధ కొత్త కాదు. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు టైటిల్ అందించిన డేవిడ్ వార్నర్‌ను 2021 సీజన్ మధ్యలో నాయకత్వం నుంచి తప్పించారు. తరువాత తుది జట్టులోనూ చోటివ్వలేదు. అదే ఏడాది టీ20 ప్రపంచకప్‌లో ఆయన 289 పరుగులు చేసి టోర్నీ ఉత్తమ ఆటగాడిగా నిలిచారు. హైదరాబాద్ అభిమానుల ఆగ్రహం అప్పుడు ఆటగాడిపై కాక యాజమాన్యంపైకి మళ్లింది. ఆ తరువాత రషీద్ ఖాన్ కూడా హైదరాబాద్‌ను వీడి గుజరాత్‌లో చేరారు.

మహమ్మద్ సిరాజ్ కథ మరోరకం. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన ఈ బౌలర్ 2018 నుంచి 2024 వరకు బెంగళూరుకు ఆడారు. బెంగళూరు విడుదల చేయగా 2025 సీజన్ కోసం జరిగిన వేలంలో గుజరాత్ 12.25 కోట్లకు తీసుకుంది. 2025 ఏప్రిల్ 2న పాత జట్టుపై బెంగళూరులోనే 19 పరుగులకు 3 వికెట్లు, ఏప్రిల్ 6న సొంత ఊరు హైదరాబాద్‌లో 17 పరుగులకు 4 వికెట్లు తీశారు. ఆయనను వదులుకోవడం పొరపాటని బెంగళూరు అభిమానులు అనుకునేందుకు ఇంతకన్నా ఆధారం ఏం కావాలి? కానీ జూన్ 3న ఆ సీజన్ టైటిల్ గెలిచింది బెంగళూరే. అంటే ఒక బదిలీలో ఒకరు గెలిస్తే మరొకరు ఓడినట్లే అన్న లెక్క ఎల్లప్పుడూ సరిపోదు. తీర్పుకు ఒకటి రెండు మ్యాచ్‌లు చాలవు.

కోపం ఎవరిపై?

సూరత్‌లో తెలంగాణ జిల్లాల నుంచి తరతరాల కిందట వచ్చి మగ్గాల పనిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బతుకుదెరువు కోసం ఊరు మారినవారిని పుట్టిన ఊరికి ద్రోహం చేశారని ఎవరూ అనరు. హార్దిక్ కుటుంబం సైతం పిల్లల క్రికెట్ శిక్షణ కోసం సూరత్ విడిచి వడోదరకు తరలివెళ్లింది. ఆటగాడికి జట్టు పని ప్రదేశం. పదేళ్లో పదిహేనేళ్లో సాగే వృత్తి జీవితంలో మెరుగైన అవకాశాన్ని వెతుక్కోవడం ఆయన హక్కు. అభిమానికి జట్టు అనుబంధం. అభిమాని తన జట్టును వేలంలో కొనలేదు కనుక దానిని అమ్ముకోనూ లేడు. ఈ రెండు దృష్టుల మధ్య దూరమే కోపంగా బయటపడుతుంది.

ఆ కోపం తప్పని అనలేము. టికెట్టు కొని, రాత్రిళ్లు మేలుకొని జట్టును నిలబెట్టేవారికి నిర్ణయాలను ప్రశ్నించే హక్కు ఉంది. ప్రశ్న ఎవరికి వేస్తున్నామన్నదే ముఖ్యం. నాయకుడి మార్పు ముంబై యాజమాన్యం తీసుకున్న నిర్ణయం. దానికి జవాబు చెప్పవలసినవారు మైదానంలో కనిపించరు. కనిపించిన ఆటగాడు కేకలన్నీ భరించాడు.

2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్‌లో దక్షిణాఫ్రికాకు 16 పరుగులు అవసరమైనప్పుడు బంతి హార్దిక్ చేతికే వచ్చింది. భారత్ 7 పరుగులతో గెలిచింది. ఆయన 20 పరుగులిచ్చి 3 వికెట్లు తీశారు. జూలై 4న విజయోత్సవం జరిగిన వాంఖడే మైదానంలో, మూడు నెలల కిందట హేళన కేకలు వినిపించిన గ్యాలరీల నుంచే ఆయన పేరు జయజయధ్వానంగా మోగింది. ఈ మూడు నెలల్లో బదిలీ ఒప్పందంలో ఒక్క అక్షరమూ మారలేదు. మారింది చూసే చూపు మాత్రమే.